శిక్షణకూ శిక్షకూ మధ్య

2015 సెప్టెంబరు 19. ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్ పట్టణంలో ప్రపంచ కప్పు రగ్బీ ఆట ఒకటి ముగింపుకు వచ్చింది. ఒక వైపు అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత అయిన దక్షిణాఫ్రికా. మరొక వైపు జపాన్. అంతవరకు జరిగిన ప్రపంచ కప్పులన్నిటిలో కలిపి ఇరవై నాలుగు ఆటలు ఆడి, ఒక్కటంటే ఒక్కటి, అదీ 1991లో జింబాబ్వే మీద, గెలిచిన జట్టు అది. 1995లో న్యూజీలాండు చేతిలో 145–17 తేడాతో చిత్తయిన జట్టు కూడా అదే. ఆనాడు మాత్రం, ఎనభై నిమిషాల ఆటకాలం నిండుతున్న వేళ, దక్షిణాఫ్రికా ఆధిక్యం మూడంటే మూడు పాయింట్లు: 32–29. అంతలో దక్షిణాఫ్రికా తప్పు చేసింది. జపానుకు పెనాల్టీ లభించింది. గోలు గీతకు దగ్గరగా, తేలికగా తన్నగల చోటు. బంతిని తన్ని కర్రల మధ్యగా పంపితే మూడు పాయింట్లు, ఆట సమం. ప్రపంచమంతా ముక్కున వేలు వేసుకోవడానికి ఆ సమం చాలు.

పైన గ్యాలరీలో కూర్చున్న జపాన్ శిక్షకుడు ఎడీ జోన్స్ వాకీటాకీలో అరిచాడు: తన్నండి, మూడూ తీసుకోండి అని. కింద మైదానంలో జట్టు నాయకుడు మైకేల్ లీచ్ ఆ మాట పాటించలేదు. అతడు స్క్రమ్ కోరుకున్నాడు. అంటే ఇరు జట్ల ముందువరస ఆటగాళ్ళూ భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకుంటూ, మధ్యన పడిన బంతి కోసం పెనగులాడే ఘట్టం. గెలిస్తే పూర్తి విజయం, లేకుంటే ఏమీ లేదు. జోన్స్ కోపం పట్టలేక వాకీటాకీని విసిరికొట్టాడు. రగ్బీలో కాలం తీరినా బంతి ఆటలో ఉన్నంతసేపు ఆట ఆగదు. బంతి ఈ చేతి నుండి ఆ చేతికి, మైదానం ఈ వైపు నుండి ఆ వైపుకు మారి మారి, చివరకు మూలన కార్న్ హెస్కెత్ అనే ఆటగాడి చేతుల్లో గీత దాటింది. 34–32. రగ్బీ చరిత్రలో అంతటి సంచలనం మరొకటి లేదన్నవారు అనేకులు.

ఈ కథను జోన్స్ స్వయంగా, దాచుకోకుండా, చెప్పుకున్నాడు. ఒక శిక్షకుని జీవితంలోని మహోన్నత విజయం, శిష్యుడు ఆయన ఆజ్ఞను ధిక్కరించిన క్షణాన లభించిందన్నమాట. ఆయన గొప్పవాడా, క్రూరుడా అన్న వాదం ఎప్పుడు వచ్చినా నాకు ముందుగా ఆ పగిలిన వాకీటాకీయే జ్ఞాపకం వస్తుంది.

రగ్బీతో నాకేమి పని అని పాఠకులు అడగవచ్చు. నిజమే, ఆ ఆటను నేను కంటితో చూసింది టెలివిజనులో మాత్రమే. క్రీడాకారుల ఆత్మకథల నుండి కొన్ని భాగాలను తెలుగు చేయవలసిన పని ఒకసారి నా మీద పడింది. మొదటి పేజీలోనే చిక్కు వచ్చింది. ‘కోచ్’ అన్న మాటకు ఏమని వ్రాయాలి? హంగరీలోని కోచ్ అనే గ్రామంలో తయారైన గుర్రపు బండికి ఆ ఊరి పేరే పేరయింది. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డు విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టరును వేళాకోళంగా ఆ పేరుతో పిలిచారు. ఎక్కి కూర్చుంటే చాలు, అవతలి ఒడ్డుకు చేరుస్తాడని. ఇంగ్లీషులో ఆ మాటకు మూలం బండి.

మన తెలుగులోనో? శిక్షకుడు. సంస్కృతంలో శిక్ష అంటే విద్య. వేదాంగాలలో మొదటిదానికి అదే పేరు. తెలుగువాడి నోట అదే మాట దండన అయింది. ఢిల్లీలో ‘శిక్షా మంత్రాలయ్’ అన్న బోర్డు చూసి, దండించడానికి ఒక మంత్రిత్వశాఖ కూడా ఉన్నదా అని మా బంధువుల పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. నవ్వుకున్నాము గాని, ఆ పిల్లవాడు అప్పుడు చదువుతున్నది తెల్లవారుజామున అయిదింటికి ‘స్టడీ అవర్’ మొదలయ్యే వసతి కళాశాలలో. అతని ఆశ్చర్యంలో అమాయకత్వం కంటే అనుభవమే ఎక్కువేమో.

ఎడీ జోన్స్ ఈ రెండర్థాల మధ్య జీవించిన మనిషి. 1960లో ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపంలో పుట్టాడు. తండ్రి ఆస్ట్రేలియన్ సైనికుడు. తల్లి జపనీయ సంతతికి చెందిన అమెరికా వనిత. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం తన దేశంలోని జపనీయులను నిర్బంధ శిబిరాలలో ఉంచినప్పుడు ఆమె కూడా అక్కడ గడిపింది. జోన్స్ సిడ్నీలో పెరిగాడు. ఉపాధ్యాయుడయ్యాడు, పాఠశాల నిర్వహణలో ఉన్నతపదవి కూడా చేశాడు. రాండ్విక్ క్లబ్బు తరఫున స్క్రమ్ నడిబొడ్డున నిలిచే హుకర్ స్థానంలో ఆడాడు. ఆ స్థానానికి చాలా చిన్న ఆకారం. దేశం తరఫున ఆడాలన్నది జీవితాశయం. 1989లో ఎంపిక సంఘం అదే క్లబ్బులో ఆయన వెనుక, రెండవ జట్టులో ఆడుతున్న ఫిల్ కెర్న్స్ అనే యువకుణ్ణి తీసుకున్నది. జోన్స్ ఎన్నడూ దేశం తరఫున ఆడలేదు. తిరస్కారం రుచి తెలిసినవాడు ఇతరులను తిరస్కరించేటప్పుడు మెత్తబడతాడని మనం అనుకుంటాము. అది ఎల్లప్పుడూ నిజం కాదు.

మా వీధి చివర ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయులున్నారు. జిల్లా పరిషత్తు పాఠశాలలలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఈల ఊదినవారు. ఊరంతా ఆయనను ఇప్పటికీ ‘డ్రిల్లు మాస్టారు’ అనే పిలుస్తుంది. అనువాదంలో ఆటలకు సంబంధించిన చిక్కు వచ్చినప్పుడల్లా నేను ఆయన అరుగు మీదికే వెళతాను. రగ్బీని ఆయనకు వివరించడం ఏమంత కష్టం కాలేదు.

“జట్టుకు పదిహేను మంది, కోడిగుడ్డు ఆకారంలో బంతి. దాన్ని చేతితో పట్టుకొని ముందుకు పరుగెత్తవచ్చు. కాని ముందున్నవాడికి చేతితో అందించకూడదు. పక్కకో వెనక్కో విసరాలి. అవతలి గీత దాటి నేల తాకిస్తే అయిదు పాయింట్లు” అన్నాను.

“పట్టుకొని పడేయవచ్చునా?”

“పడేయవచ్చు మాస్టారూ.”

“అయితే అది బంతితో ఆడే చెడుగుడు. సరే చెప్పమ్మా, ఈ జోన్సుగారి సంగతి ఏమిటి?”

చెప్పాను. 2001లో ఆస్ట్రేలియాలోని బ్రంబీస్ జట్టును సూపర్ 12 విజేతను చేసిన సంగతి. 2003లో ఆస్ట్రేలియాను ప్రపంచ కప్పు ఫైనలుకు తెచ్చి, అదనపు కాలంలో ఇంగ్లండు చేతిలో 20–17తో ఓడిన సంగతి. 2005లో తొమ్మిది ఆటలలో ఎనిమిది ఓడి ఉద్యోగం పోగొట్టుకున్న సంగతి. 2007లో దక్షిణాఫ్రికా జట్టుకు సలహాదారుగా చేరి, ఆ జట్టుతో పాటు ప్రపంచ విజయం పంచుకున్న సంగతి. ఆ పైన జపాన్.

2012లో జపాన్ జట్టు ఆయన చేతికి వచ్చింది. కొద్దికాలానికే ఫ్రెంచి బార్బేరియన్ల చేతిలో ఓడిన తరువాత విలేకరుల సమావేశంలో నాయకుడు తోషియాకి హిరోసే ఏదో ప్రశ్నకు జవాబిస్తూ కాస్త నవ్వాడు. పక్కన కూర్చున్న జోన్స్ కెమెరాల ఎదుటనే మండిపడ్డాడు. ఓటమిని నవ్వుతూ స్వీకరించే అలవాటే జపాన్ రగ్బీ వ్యాధి అని ఆయన నిర్ధారణ. అక్కడి నుండి మొదలైంది చికిత్స. ఉదయం అయిదింటికే సాధన. మళ్ళీ పగలు, మళ్ళీ సాయంత్రం. ఆకారంలో చిన్నవారైన జపనీయులు బలంతో గెలవలేరు గనుక వేగంతో, అలసట ఎరుగని దేహంతో గెలవాలని సిద్ధాంతం. 2013లో పక్షవాతం వచ్చి ఆయన ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకొని మళ్ళీ వచ్చి అదే పని కొనసాగించాడు. 2015లో నెలల తరబడి సాగిన మియాజాకి శిబిరం ఎంత కఠినమో ఆటగాళ్ళు ఆ తరువాత కథలుగా చెప్పుకున్నారు. ఎవరి ఎదుట పడడానికే జపాన్ భయపడేదో, ఆ దక్షిణాఫ్రికానే లక్ష్యంగా నిర్ణయించుకున్నాడు.

ఫలితం బ్రైటన్. ఆ ప్రపంచ కప్పులో జపాన్ తన విభాగంలో నాలుగింట మూడు ఆటలు గెలిచింది. అన్ని గెలిచీ క్వార్టర్ ఫైనలు చేరలేని మొదటి జట్టు కూడా అదే అయింది. అది వేరే సంగతి.

“మరి ఇంకేం కావాలమ్మా? మెత్తగా చెప్పినవాళ్ళు ఇరవై నాలుగు ఆటల్లో ఒకటి గెలిపించారు. గట్టిగా చెప్పినవాడు నాలుగింట మూడు గెలిపించాడు” అన్నారు మాస్టారు, లెక్క చెల్లు అన్నట్టుగా.

నిజానికి జోన్స్ పక్షాన వాదించదలచినవాడికి ఇంగ్లండు లెక్కలు మరింత బలమైనవి. 2015 చివర ఇంగ్లండు తన చరిత్రలో మొదటిసారిగా ఒక విదేశీయుణ్ణి ప్రధాన శిక్షకునిగా నియమించింది. స్వదేశంలో జరిగిన ప్రపంచ కప్పులో తొలి దశలోనే నిష్క్రమించి అవమానపడిన జట్టు అది. జోన్స్ వచ్చిన మొదటి సంవత్సరమే, 2016లో, ఆ జట్టు అయిదుగురు ప్రత్యర్థులనూ ఓడించి గ్రాండ్ స్లామ్ సాధించింది. ఆస్ట్రేలియా వెళ్ళి మూడింటికి మూడూ గెలిచింది. వరుసగా పద్ధెనిమిది విజయాలతో న్యూజీలాండు రికార్డును అందుకున్నది. 2019 ప్రపంచ కప్పు సెమీ ఫైనలులో ఆ న్యూజీలాండునే 19–7తో ఓడించిన తీరును ఇంగ్లీషు పత్రికలు నేటికీ తలచుకుంటాయి. ఫైనలులో దక్షిణాఫ్రికా 32–12తో ఆ సంతోషాన్ని తుడిచిపెట్టింది. మొత్తం ఎనభై ఒక్క ఆటలు, యాభై తొమ్మిది విజయాలు. నూటికి డెబ్బై మూడు. ఆయనకు ముందు ఏ ఇంగ్లండు శిక్షకునికీ అంత శాతం లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఏటా పోటీపడే బహుమతి పేరు కలకత్తా కప్పు. 1870లలో కలకత్తాలో తెల్లదొరలు పెట్టుకున్న ఒక రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన సొమ్మును 270 వెండి రూపాయలుగా తీసుకొని, వాటిని కరిగించి కప్పు చేయించి లండనుకు పంపారు. మూడు నాగుపాములు పిడులు. మూత మీద ఏనుగు. ఆ వెండి రూపాయల కప్పు కోసం జోన్స్ ఏడుసార్లు పోటీపడి మూడు గెలిచాడు, మూడు ఓడాడు. 2019లో 31–0 ఆధిక్యం నుండి జారి 38–38తో సమం చేసుకున్నాడు. 2021లో స్కాట్లండు ట్వికెన్‌హామ్ మైదానంలో గెలిచింది. అక్కడ వారు గెలవడం 1983 తరువాత అదే మొదలు. ఆరంభంలో ఉరకలు వేసిన జట్టు ఆ తరువాత అలసినట్లు కనిపించడానికి ఈ ఒక్క కప్పు చరిత్ర చాలు.

2022లో పన్నెండు ఆటలకు అయిదే గెలిచాక, ట్వికెన్‌హామ్ ప్రేక్షకులు సొంత జట్టునే ఎగతాళిగా అరిచి పంపారు. డిసెంబరులో జోన్స్‌ను తొలగించారు.

అప్పటి నుండి వాదం మరో దారి పట్టింది. గెలుపు ఉన్నంతకాలం పద్ధతిని గురించి ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు. గెలుపు తగ్గగానే లోపలి సంగతులు బయటకు రాసాగాయి. ఏడేళ్ళలో సహాయక శిక్షకులు, సిబ్బంది ఎంతమంది వచ్చి ఎంతమంది వెళ్ళారో లెక్కించడం పత్రికలకు ఒక పని అయింది. 2024లో వెలువడిన తన ఆత్మకథలో డానీ కేర్ అనే ఆటగాడు ఆ రోజుల శిబిరాన్ని భయంతో నిండిన నియంతృత్వంగా వర్ణించాడు. ఈ కేర్‌ను జోన్స్ దాదాపు నాలుగేళ్ళు పక్కన ఉంచి, 2022లో మళ్ళీ పిలిచి, సిడ్నీలో సగం ఆట కూడా కాకముందే మైదానం నుండి వెనక్కు రప్పించాడు. కనుక కేర్ మాటలలో గాయపడ్డ అభిమానం ఉండవచ్చు. అయినా గాయపడినవాడు సాక్ష్యానికి పనికిరాడు అనే న్యాయం ఏ కోర్టులోనూ లేదు.

డిలన్ హార్ట్‌లీ సాక్ష్యం వేరు. మొత్తం మీద ఏడాదికి పైబడిన నిషేధాలు అనుభవించిన దుడుకువాడు అతడు. ఎవరూ నమ్మనివాణ్ణి నమ్మి జోన్స్ నాయకుణ్ణి చేశాడు. అతని నాయకత్వంలోనే గ్రాండ్ స్లామ్ వచ్చింది. మోకాలు దెబ్బతిని, 2019 ప్రపంచ కప్పుకు పనికిరాడని తేలినప్పుడు ఆ కబురు జోన్స్ నుండి మొరటు మాటలలో అందిందని హార్ట్‌లీ తన పుస్తకంలో వ్రాశాడు. చిత్రమేమంటే అదే పుస్తకంలో ఆ మనిషి మీద గౌరవం కూడా ఉంది. రెండూ ఒకే గుండెలో, ఒకదానినొకటి చెరపకుండా ఉన్నాయి. ఇలాంటి వాక్యాలను తెలుగులోకి తేవడం ఎంత కష్టమో! కోపం పాలు ఒక చుక్క ఎక్కువైతే కృతజ్ఞత విరిగిపోతుంది.

ఇవన్నీ విన్నా మాస్టారు చలించలేదు.

“మన గోపీచంద్ ఏం చేశాడమ్మా? రియో ఒలింపిక్సుకు ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోను లాగేసుకున్నాడు. ఐస్‌క్రీము తిననివ్వలేదు. వెండి పతకం వచ్చాక అందరూ మెచ్చుకోలేదా?”

మెచ్చుకున్నాము. నేనూ మెచ్చుకున్నాను. కాని ఆ ఉదాహరణలో ఒక తేడా ఉంది. ఆల్ ఇంగ్లండు గెలిచినవాడు తాను నడిచిన దారినే, చిన్ననాటి నుండి తన వద్ద పెరిగిన శిష్యురాలిని నడిపించాడు. ఆమె ఎదుగుదల ఆయన రోజూ చూస్తున్నదే. దేశీయ జట్టు శిక్షకుని పరిస్థితి అది కాదు. ఇంగ్లండు ఆటగాళ్ళకు నెలజీతం ఇచ్చేది వారి క్లబ్బులు. జాతీయ శిక్షకుడు వారిని కొన్ని వారాలు అరువు తెచ్చుకుంటాడు. అరువు తెచ్చిన పాత్రను ఎంత గట్టిగా తోమవచ్చు?

మనకు తెలిసిన మరొక పోలిక గ్రెగ్ చాపెల్. 2005లో మన క్రికెట్ జట్టుకు వచ్చాడు. గంగూలీ మీద ఆయన బోర్డుకు వ్రాసిన లేఖ పత్రికలకెక్కింది. గంగూలీ నాయకత్వం పోయింది, కొంతకాలం జట్టులో స్థానమూ పోయింది. 2007 ప్రపంచ కప్పులో భారతదేశం మొదటి దశలోనే ఇంటికి వచ్చింది. తరువాత సచిన్ తన ఆత్మకథలో చాపెల్‌ను సర్కసు రింగుమాస్టరుతో పోల్చాడు. చాపెల్‌కు ఆట తెలియదని మాత్రం ఎవరూ అనలేదు.

నేను మాస్టారికి చెప్పిన తరువాతి సంగతి మరొక శిబిరానిది. 2016 అక్టోబరు. ఇంగ్లండు జట్టు సాధన శిబిరం. ఊరు మళ్ళీ బ్రైటనే! వాస్ప్స్ క్లబ్బుకు ఆడే శామ్ జోన్స్ అనే యువకునికి జాతీయ శిబిరం నుండి పిలుపు వచ్చింది. ఇంకా ఒక్కసారైనా దేశం తరఫున ఆడలేదు. పట్టు నేర్పడానికి ఆటగాళ్ళ చేత జూడో చేయించారు. అందులో అతని కాలు విరిగింది. అదే శిబిరంలో ఆంథోనీ వాట్సన్ దవడ ఎముక కూడా విరిగింది. వాట్సన్ కోలుకుని మళ్ళీ ఆడాడు. శామ్ జోన్స్ ఆడలేకపోయాడు. 2018లో, ఇరవై ఆరేళ్ళ వయస్సులో, ఆటకు స్వస్తి చెప్పాడు. క్లబ్బులు మండిపడ్డాయి. ఎనభై ఒక్క ఆటలు, యాభై తొమ్మిది విజయాలు అనే పట్టికలో ఈ యువకుని పేరు ఏ గడిలో వ్రాయాలి? అతడు ఆడిన ఆట ఏదీ లేదు గనుక అతడు గెలవలేదు, ఓడనూ లేదు.

రగ్బీలో ఎముకలు విరగడం కొత్త కాదనీ, ఎవరూ కావాలని విరవలేదనీ నాకు తెలుసు. అయినా పట్టిక చూసినప్పుడల్లా ఆ ఖాళీ గడి నా కళ్ళకు కనిపిస్తుంది. ఇంటర్మీడియేటు ఫలితాలు వచ్చిన మర్నాడు మన ఊళ్ళలో ప్లెక్సీల మీద వెలిగే ముఖాలను చూసినా అంతే. ఆ ముఖాలు అబద్ధం కావు. మధ్యలో పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చినవారి ముఖాలకు ప్లెక్సీ వేయరు, అంతే.

మాస్టారు కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, “నీ సంగతి చెప్పు. నీకెవరూ గట్టిగా చెప్పకుండానే ఇంగ్లీషూ తెలుగూ వచ్చాయా?” అన్నారు.

రాలేదు. ఇరవై నాలుగేళ్ళ వయస్సులో ఒక వృద్ధ సంపాదకుని వద్ద పని నేర్చుకున్నాను. నేను మూడు వందల పేజీల అనువాదం ఇస్తే, వారం తరువాత మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ‘మళ్ళీ’ అన్న ఒక్క మాట వ్రాసి తిప్పి ఇచ్చారు. రెండవసారీ అదే. మూడవసారి నేను ఇంగ్లీషు పుస్తకం మూసి, జ్ఞాపకం మీద ఒక అధ్యాయం తెలుగులో చెప్పుకుంటూ వ్రాశాను. ఆయన చదివి కాగితాలు బల్ల సొరుగులో పెట్టుకున్నారు. అంతకు మించిన ప్రశంస నాకు నేటివరకు దొరకలేదు. ఆ ఎర్ర సిరాకు నేను ఋణపడి ఉన్నాను.

ఆయనే ఒక మధ్యాహ్నం కార్యాలయంలో అందరి ఎదుట నా అనువాదంలోని ఒక పేరా తీసి, నా గొంతును అనుకరిస్తూ, సాగదీసి చదివారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేయగలను? ఆ రోజు తరువాత రెండేళ్ళు నేను కలం పట్టలేదు. మళ్ళీ పట్టాక కూడా, ఆ పేరాలో ఉన్నటువంటి పొడుగు వాక్యం వ్రాయబోతే చేయి ఆగుతుంది. నా పొట్టి వాక్యాలు బాగుంటాయని కొందరు పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు వ్రాస్తారు. అది నేర్చిన విద్యో, మానని గాయమో ఇప్పటికీ తేల్చుకోలేను.

అందువలన జోన్స్ విషయంలో నా తీర్పు ఆయన కఠినత్వం మీద కాదు. అయిదింటికి లేపడం ‘మళ్ళీ’ వంటిది. హిరోసేను కెమెరాల ముందు గద్దించడం ఆ మధ్యాహ్నం వంటిది. మొదటిది పనిని తిప్పి పంపుతుంది, రెండవది మనిషిని తిప్పి పంపుతుంది. జోన్స్ ఈ రెండింటినీ ఒకే పనిముట్టుగా వాడాడు. ఏది పని చేసిందో ఆయనకే తెలియదని నా అనుమానం. తమను తాము తక్కువగా ఎంచుకునే జట్టుకు, లేదా అప్పుడే అవమానపడి లేవజూస్తున్న జట్టుకు, ఆయన రెండేళ్ళు అమృతం. మూడవ ఏట అదే మోతాదు విషంగా మారుతుంది. ఆస్ట్రేలియాలో, ఇంగ్లండులో జరిగింది ఇదే.

2023లో రెండవసారి ఆస్ట్రేలియాకు వెళ్ళినప్పుడు అమృతానికి కూడా వ్యవధి చిక్కలేదు. జనవరిలో నియామకం, 2027 వరకు ఒప్పందం. ఆ ఏడే ప్రపంచ కప్పు. నూట ఇరవై అయిదు టెస్టులాడిన మైకేల్ హూపర్‌నూ, అనుభవజ్ఞుడైన క్వేడ్ కూపర్‌నూ ఇంట్లో వదిలి యువకులను తీసుకువెళ్ళాడు. విల్ స్కెల్టన్‌ను కొత్తగా నాయకుణ్ణి చేశాడు. మొదటి ఆట తరువాత అతడు గాయంతో కూర్చుండిపోయాడు. 1954 తరువాత ఎన్నడూ ఆస్ట్రేలియాను ఓడించని ఫిజీ 22–15తో గెలిచింది. వేల్సు 40–6తో ఊచకోత కోసింది. ఆస్ట్రేలియా ప్రపంచ కప్పు చరిత్రలో తొలిసారి మొదటి దశ దాటలేదు. ఆ సంవత్సరం తొమ్మిది టెస్టులకు రెండు విజయాలు. టోర్నమెంటుకు ముందే జపాన్ వారితో ఉద్యోగం కోసం మాట్లాడాడని పత్రికలు వ్రాశాయి. ఆయన కాదన్నాడు. అక్టోబరు చివర రాజీనామా చేశాడు. డిసెంబరులో జపాన్ ఆయన నియామకాన్ని ప్రకటించింది. కాదన్న మాట ఆస్ట్రేలియా అభిమానుల చెవులకు ఎట్లా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆటగాళ్ళ నుండి ఉక్కు క్రమశిక్షణ కోరినవాడు తన ఒప్పందం ఒకటవ ఏటనే వదిలి వెళ్ళడాన్ని నేను మాత్రం ఓటముల కంటే పెద్ద తప్పుగా లెక్కిస్తాను.

జపానులో రెండవ ఘట్టం మొదటి దాని వలె మొదలు కాలేదు. 2024 జూనులో టోక్యోలో ఇంగ్లండు 52–17తో గెలిచింది. ఆ ఇంగ్లండు శిక్షకుడు స్టీవ్ బోర్త్‌విక్. 2015లో బ్రైటన్ నాడు జోన్స్ పక్కన సహాయకుడుగా ఉన్నవాడు. 2025 జూలైలో జపాన్ వేల్సును 24–19తో ఓడించింది. వారం తరువాత వేల్సు బదులు తీర్చుకున్నది.

“ఆ నవ్విన అబ్బాయి ఏమయ్యాడు?” అని అడిగారు మాస్టారు హఠాత్తుగా.

హిరోసే నాయకత్వాన్ని 2014లో లీచ్‌కు ఇచ్చారనీ, అయినా 2015 ప్రపంచ కప్పు జట్టులో అతణ్ణి ఉంచారనీ, అతడు ఒక్క ఆటలో కూడా మైదానంలోకి దిగలేదనీ చెప్పాను. మాస్టారు తల ఊపారు. అరుగు మీద ఎండ జరిగిపోయింది. చాలాసేపటికి ఆయన మాట్లాడారు.

“నా దగ్గర చెడుగుడులో ఒక కుర్రాడుండేవాడమ్మా. కూతకు వెళితే ఇద్దర్ని తాకకుండా తిరిగి వచ్చేవాడు కాదు. జిల్లా పోటీలకు పదిరోజులుందనగా రెండు రోజులు రాలేదు. మూడో రోజు వస్తే ప్రార్థన వేళ అందరి ఎదుటా బెత్తంతో కొట్టాను. వాళ్ళ నాన్నకు జబ్బు చేసిందట. చెప్పలేదు వాడు, నేనూ అడగలేదు. మళ్ళీ మైదానానికి రాలేదు. మేము జిల్లాలో గెలిచాము కూడా. ఆ కప్పు ఇంకా బడిలో ఉన్నది.”

“తరువాత మీకు కనిపించలేదా?”

“కనిపించకేం? బస్టాండు దగ్గర టీ కొట్టు వాడిదే. నేను వెళితే లేచి నిలబడి, నమస్కారం సార్ అంటాడు. గ్లాసు రెండుసార్లు కడిగి పోస్తాడు. ఎంత చెప్పినా డబ్బులు తీసుకోడు” అని మాస్టారు కండువా దులుపుకుని లేచారు. “అందుకే ఆ వైపు వెళ్ళడం మానేశాను.”